లినక్స్ తొలి అడుగులో నల్ల తెర: ఒక సాంకేతిక అవరోధపు చరిత్ర

విండోస్‌తో నడిచే కంప్యూటర్‌లో మొదటిసారి లినక్స్ ఇన్‌స్టాల్ చేయబూనినవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో నల్ల తెర అన్నిటికంటే పాతది, అన్నిటికంటే మొండిది. సీడీ తిరుగుతూనే ఉంటుంది, లేదా పెన్‌డ్రైవ్ లైటు మిణుకుతూనే ఉంటుంది. తొలి మెనూ సజావుగా కనిపిస్తుంది. ఎంటర్ నొక్కిన కాసేపటికి మాత్రం తెర మీద ఏమీ మిగలదు. యంత్రం పాడైందనో, తమకు చేతకాలేదనో అనుకుని అక్కడితో ప్రయత్నం మానుకున్నవారు అనేకులు. ఈ సమస్య పుట్టుపూర్వోత్తరాలను పరిశీలిస్తే ఆ రెండు నిర్ణయాలూ చాలా సందర్భాల్లో సరికావని తేలుతుంది. తెరను గురించిన సమాచారం ఎవరి వద్ద ఉండాలి, తెరపై అధికారం ఎవరిది అన్న ప్రశ్నలు తేలకుండా ఉన్న ప్రతి కాలంలోనూ నల్ల తెర కొత్త రూపంలో పుట్టుకొచ్చింది.

లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా 1991లో విడుదల చేసిన కర్నల్, అనగా ప్రాసెసర్‌నూ మెమరీనీ డిస్కులనూ నేరుగా నడిపించే మూల ప్రోగ్రాం, తెర మీద అక్షరాలను మాత్రమే చూపేది. కిటికీలు, బొమ్మలు, మౌస్ గల తెర కోసం ఎంఐటీలో 1984లో మొదలై 1987 నాటికి పదకొండవ రూపాన్ని సంతరించుకున్న ఎక్స్ విండో సిస్టమ్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. దానిని ఒరెస్ట్ జ్బొరోవ్‌స్కీ అనే ప్రోగ్రామర్ 1992లో లినక్స్‌పై నడిచేలా మలచగా, అదే ఏడాది ఏర్పడిన ఎక్స్‌ఫ్రీ86 అనే స్వచ్ఛంద బృందం సాధారణ పీసీల్లోని గ్రాఫిక్స్ కార్డులకు డ్రైవర్లు రాసే పనిని తలకెత్తుకుంది. ఈ ఏర్పాటులో తెరను నడిపే ఎక్స్ సర్వర్ (క్లుప్తంగా ఎక్స్) కర్నల్‌లో భాగం కాదు. అది వేరొక ప్రోగ్రాంగా, అత్యున్నత అనుమతులతో నడుస్తూ, గ్రాఫిక్స్ కార్డులోని రిజిస్టర్లలో తానే విలువలు రాసేది. కార్డు ఏ స్థితిలో ఉందో కర్నల్‌కు తెలిసేది కాదు కనుక, ఎక్స్ నడుస్తుండగా కర్నల్ కుప్పకూలితే ఆ సంగతి తెర మీద చెప్పే దారి కూడా ఉండేది కాదు. తరువాతి పదిహేనేళ్ల చిక్కులకు చాలావరకు మూలం ఇక్కడే ఉంది.

ఆనాటి మానిటర్లు గాజు గొట్టంవి. ఎలక్ట్రాన్ల పుంజం ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క గీతా గీస్తూ కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చేది; ఆ కదలిక వేగం కార్డు పంపే సంకేతంతో సరిపోవాలి. ఎక్స్‌ఫ్రీ86 తన అమరికల ఫైలులో ఈ లెక్కలను మోడ్‌లైన్ అనే ఒకే వరుసలో అడిగేది. ఐబీఎం 1987లో ప్రవేశపెట్టిన వీజీఏ ప్రమాణాన్నే తీసుకుంటే, 640 చుక్కల వెడల్పు, 480 గీతల ఎత్తు గల చిత్రానికి చుక్కల గడియారం 25.175 మెగాహెర్ట్జ్ ఉంటుంది. ఒక్కో గీతకు 800 చుక్కల కాలం పడుతుంది; అందులో 640 మాత్రమే కంటికి కనిపించేవి, మిగిలినది పుంజం వెనక్కి మళ్లడానికి కేటాయించిన వ్యవధి. అలాగే 525 గీతలలో కనిపించేవి 480. గడియారాన్ని 800తో భాగిస్తే సెకనుకు సుమారు 31,469 గీతలు, దానిని 525తో భాగిస్తే సెకనుకు దాదాపు 60 చిత్రాలు వస్తాయి. ఇంతకంటే పెద్ద చిత్రం కావాలనుకున్నవారిలో చాలామంది ఈ అంకెలను మానిటర్‌తో వచ్చిన పుస్తకంలోంచి చూసి, ఫైలులో స్వయంగా రాసుకోవలసి వచ్చేది.

లెక్క తప్పితే తెర నల్లబడేది, లేదా గీతలు అడ్డదిడ్డంగా దొర్లేవి. పరిమితి దాటిన సంకేతాన్ని తిరస్కరించే రక్షణ లేని పాత మానిటర్లు దెబ్బతినే ప్రమాదం కూడా ఉన్నందున ఎక్స్‌ఫ్రీ86 పత్రాలు ఆ హెచ్చరికను గట్టిగానే చేసేవి. ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్ మోడ్‌లైన్ల లెక్కలను వివరిస్తూ ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని రాయవలసి వచ్చిందంటే సామాన్య వినియోగదారు మీద పడిన భారం ఎంతటిదో ఊహించవచ్చు. కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కితే ఎక్స్ ఆగిపోయి అక్షరాల తెర తిరిగి వచ్చేది. కంట్రోల్, ఆల్ట్‌లతో పాటు కీబోర్డు కుడి చివరనున్న కూడిక, తీసివేత గుర్తులను నొక్కితే ఒక మోడ్ నుంచి మరొక మోడ్‌కు మారేది. ఆ తరం లినక్స్ వాడుకరులకు ఈ మీటలు చూడకుండానే అందేవి.

భారతదేశంలో 1990ల ద్వితీయార్ధంలో పీసీక్వెస్ట్ వంటి పత్రికలు సీడీలపై లినక్స్‌ను పంచిపెట్టడంతో ఇంటర్నెట్ సౌకర్యం లేని ఊళ్లలోని విద్యార్థులకు కూడా అది చేరింది. 1999లో వచ్చిన ఇంటెల్ 810 తరహా మదర్‌బోర్డులు, ప్రత్యేక కార్డు అవసరం లేకుండా గ్రాఫిక్స్‌ను తమలోనే కలుపుకున్నందువల్ల, చవకలో దొరికే యంత్రాలకు అనువుగా ఉండేవి. అయితే ఆ చిప్ కంప్యూటర్ ప్రధాన మెమరీ నుంచే అరువు తెచ్చుకుని పనిచేస్తుంది. ఆ అరువును ఇప్పించే ఏజీపీగార్ట్ అనే కర్నల్ భాగం లోడ్ కాకపోతే ఎక్స్ మొదలయ్యేదే కాదు. మోడ్‌లైన్ తెలియకపోవడం ఒక ఎత్తయితే, కర్నల్‌కూ ఎక్స్‌కూ మధ్య పొత్తు కుదరకపోవడం మరొక ఎత్తు అని ఇటువంటి యంత్రాలు తేటతెల్లం చేశాయి.

మొదటి చిక్కుకు పరిష్కారం మానిటర్ల వైపు నుంచి వచ్చింది. వేసా అనే పరిశ్రమ ప్రమాణాల సంస్థ 1994లో ప్రకటించిన డీడీసీ పద్ధతి ప్రకారం మానిటర్ తన సామర్థ్యాలను ఈడీఐడీ అనే 128 బైట్ల పట్టికగా కేబుల్ ద్వారానే కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. దీనిని ఆసరా చేసుకుని జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 2000లో విడుదల చేసిన నాపిక్స్, ఇన్‌స్టాల్ చేయకుండానే సీడీ నుంచి నేరుగా నడుస్తూ, యంత్రంలోని భాగాలను తానే గుర్తించి తెరను అమర్చుకునేది. గుర్తించలేని పక్షంలో బూట్ వరుసలో టైప్ చేయడానికి కొన్ని సంకేతపదాలు ఉండేవి. వాటిలో ముఖ్యమైనవి తెరను దాదాపు ప్రతి కార్డూ అర్థం చేసుకునే సాదా వేసా స్థాయికి దించేవి. ఈడీఐడీతోనూ ఇబ్బంది పూర్తిగా తీరలేదు. వీజీఏ కనెక్టర్‌లో ఈ సమాచారం 12, 15 నంబర్ల పిన్నుల మీదుగా ప్రయాణిస్తుంది. చవక కేబుళ్లలో, ఒకే మానిటర్‌కు రెండు కంప్యూటర్లను తగిలించే స్విచ్‌లలో ఆ పిన్నులు కలపకుండా వదిలేస్తే మానిటర్ మూగదవుతుంది, తెర మళ్లీ మొదటికొస్తుంది.

లైసెన్సు వివాదం కారణంగా 2004లో అభివృద్ధి ఎక్స్‌ఫ్రీ86 నుంచి ఎక్స్.ఆర్గ్‌కు తరలింది. ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే అమరికల ఫైలు అసలు లేకపోయినా ఎక్స్ మొదలయ్యే స్థితి వచ్చింది.

అసలు మార్పు 2009 మార్చిలో వెలువడిన 2.6.29 కర్నల్‌తో మొదలైంది. తెర పరిమాణాన్నీ వేగాన్నీ నిర్ణయించే పనిని ఎక్స్ నుంచి తీసుకుని కర్నల్‌కే అప్పగించే ఈ ఏర్పాటును కర్నల్ మోడ్ సెట్టింగ్ అంటారు. మొదట ఇంటెల్ చిప్‌లకు, తరువాత ఏఎండీ రేడియాన్‌కు, 2010 ఫిబ్రవరిలో 2.6.33 కర్నల్‌తో ఎన్‌విడియాకు ఇది అందింది. ఇది తెరపై అధికారం ఎవరిదన్న ప్రశ్నకు దొరికిన సరైన జవాబు. అయితే దీనితో నల్ల తెర స్థానం మారింది. గతంలో అక్షరాల తెర వచ్చి, ఎక్స్ దగ్గర ఆగేది. ఇప్పుడు బూట్ మొదలైన కొన్ని సెకన్లలోనే కర్నల్ కార్డును తన చేతుల్లోకి తీసుకుంటుంది కనుక, ఆ డ్రైవర్ పొరపడితే వెనక్కి వెళ్లడానికి అక్షరాల తెర కూడా మిగలదు.

నోమోడ్‌సెట్ అనే మాట అప్పటి నుంచే ప్రచారంలోకి వచ్చింది. దానిని వాడే తీరు నేటికీ అదే. కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలో ఇన్‌స్టలేషన్ వరుస మీద నిలిచి, కీబోర్డులో ‘ఇ’ అక్షరపు మీట నొక్కితే ఆ వరుస వెనుకనున్న ఆదేశాలు తెరుచుకుంటాయి. ‘లినక్స్’ అన్న పదంతో మొదలయ్యే పొడవైన వరుస చివర సాధారణంగా ‘క్వయట్’, ‘స్ప్లాష్’ అనే రెండు పదాలుంటాయి. మొదటిది కర్నల్ సందేశాలను అణచిపెడుతుంది, రెండవది వాటి స్థానంలో బొమ్మను చూపుతుంది. వాటిని తుడిచివేసి ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి, కంట్రోల్‌తో పాటు ‘ఎక్స్’ అక్షరపు మీట నొక్కితే, కర్నల్ కార్డు సొంత డ్రైవర్ జోలికి పోకుండా, కంప్యూటర్‌ను తొలుత మేల్కొలిపే ఫర్మ్‌వేర్ (బయోస్ లేదా యూఈఎఫ్ఐ) అప్పటికే సిద్ధం చేసి ఉంచిన సాదా తెరతోనే ముందుకు సాగుతుంది. చిత్రం ముతకగా, కదలికలు నెమ్మదిగా ఉన్నా ఇన్‌స్టలేషన్ పూర్తవుతుంది. ఈ సవరణ ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది గనుక, మొదటి రీస్టార్ట్ తరువాత తెర మళ్లీ నల్లబడి చాలామందిని నిరాశపరుస్తుంది. అదే సవరణను మళ్లీ చేసి లోపలికి వెళ్లి, తగిన డ్రైవర్ ఎక్కించుకుంటే తప్ప పని ముగియదు.

తగిన డ్రైవర్ అన్న మాట దగ్గరే ఈ చరిత్రలోని బాధాకరమైన అధ్యాయం ఉంది. ఏఎండీ 2007లో రేడియాన్ చిప్‌ల సాంకేతిక వివరాలను బహిరంగపరచడం ప్రారంభించింది. ఎన్‌విడియా మాత్రం లోపలి వివరాలు వెల్లడించని సొంత డ్రైవర్‌కే కట్టుబడింది. అందువల్ల నూవో అనే స్వచ్ఛంద బృందం ఆ డ్రైవర్ కార్డులో ఏ విలువలు రాస్తున్నదో గమనిస్తూ, దాని అర్థాన్ని ఊహిస్తూ, అక్షరాలా చీకట్లో తడుముకుంటూ ప్రత్యామ్నాయాన్ని నిర్మించింది. కొత్త కార్డు బజారులోకి వచ్చినప్పుడల్లా ఆ శ్రమ మళ్లీ మొదలయ్యేది. ఆ మధ్యకాలంలో ఆ కార్డు కొన్నవారి తెర నల్లగా ఉండేది. 2010లో ప్రవేశించిన ఆప్టిమస్ పద్ధతి ఒకే ల్యాప్‌టాప్‌లో ఇంటెల్, ఎన్‌విడియా చిప్‌లను రెండింటినీ పెట్టి చిక్కును పెంచింది. విండోస్ 8తో విస్తరించిన సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు, డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను అడ్డుకోవడం ద్వారా మరో ముడి వేసింది. ఇన్‌స్టలేషన్ విఫలమైన ప్రతిసారీ నింద లినక్స్ మీదనో, కొత్త వాడుకరి మీదనో పడింది తప్ప, దాచిపెట్టిన పత్రాల మీద పడలేదు. ఇది అన్యాయం.

నల్లగా ఉన్న ప్రతి తెరా చచ్చిన తెర కాదని అనుభవజ్ఞులు మొదటి నుంచీ ఎరుగుదురు. క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతుంటే కర్నల్ బతికే ఉన్నట్టు లెక్క. ల్యాప్‌టాప్ తెర మీద పక్కగా టార్చి వేసి చూస్తే మసక అక్షరాలు కనిపించాయంటే, చిత్రం వస్తున్నదనీ ఆరిపోయింది వెనుకనుండే బ్యాక్‌లైటేననీ అర్థం. అప్పుడు వెతకవలసింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కాదు, వెలుతురును నియంత్రించే అమరికను.

తెలుగు వాడుకరులకు ఇందులో మరొక పొర ఉంది. స్వేచ్ఛ వంటి బృందాల కృషి వల్ల లినక్స్ తెలుగులో లభిస్తున్నా, ఆ తెలుగు గ్రాఫిక్స్ తెర మీద మాత్రమే నిలుస్తుంది. కర్నల్ అక్షరాల తెర ఒకసారికి గరిష్ఠంగా 512 ఆకారాలనే చూపగలదు, ఒత్తులను, గుణింతాలను కూర్చలేదు. డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఇన్‌స్టలేషన్‌లో సైతం తెలుగు గ్రాఫిక్స్ రూపంలోనే దొరుకుతుంది. గ్రాఫిక్స్ విఫలమై సహాయం అత్యవసరమైన ఆ క్షణంలోనే తెలుగు తప్పుకుని ఇంగ్లిష్ మిగులుతుంది. ఈ లోటును గురించి జరగవలసినంత చర్చ జరగలేదు.

గత కొన్నేళ్లలో పరిస్థితి కొంత మెరుగుపడింది. 2021 నాటి 5.14 కర్నల్‌లో చేరిన సింపుల్‌డీఆర్‌ఎం, ఫర్మ్‌వేర్ అందించిన తెరను కర్నల్ మోడ్ సెట్టింగ్ పద్ధతిలోనే నడుపుతుంది. ఎన్‌విడియా 2022 మేలో తన డ్రైవర్‌లోని కర్నల్ భాగాలను బహిరంగపరిచింది. 2024లో వచ్చిన 6.10 కర్నల్, కుప్పకూలే సమయంలో కూడా కారణాన్ని గ్రాఫిక్స్ తెర మీదనే రాసి చూపే సౌకర్యాన్ని తెచ్చింది. ఉబుంటు అనే లినక్స్ పంపిణీ ఇన్‌స్టలేషన్ మెనూలో మాత్రం సేఫ్ గ్రాఫిక్స్ అనే రెండవ వరుస ఇప్పటికీ ఉంది. దానిని ఎంచుకుంటే వెనుక చేరేది నోమోడ్‌సెట్ అన్న అదే మాట.