ఇంప్లాంట్‌కి పెయింట్ వేస్తారా? మా బాపు అడిగిన ప్రశ్న

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలవుతుంది.

రెండేళ్ల కింద చొప్పదండిలో ఉండే మా బాపుకి కింది దవడ పన్ను ఒకటి తీసేశారు. దాని జాగలో ఇంప్లాంట్ పెట్టించుకుందామని కరీంనగర్ పోయిండు. అక్కడ రెండు రకాలు చూపించారట. ఒకటి మామూలుది, ఇంకోటి "కోటింగ్ ఉన్నది", రేటు ఎక్కువ. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసి, "బీటెక్ చదివినవ్ గదరా, గీ కోటింగ్ అంటే ఏంది? పెయింటా?" అని అడిగిండు. నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నా. "రేటు ఎక్కువ ఉన్నదే తీస్కో బాపు" అని పెట్టేశా. నాలుగు నెలలకు అది వదులైంది, తీసేయాల్సి వచ్చింది.

డబ్బులు పోయిన బాధ కన్నా, తెలియని విషయం మీద తెలిసినట్టు సలహా ఇచ్చానే అన్న బాధ ఎక్కువ. అందుకే ఈ చరిత్ర తవ్వాను.

ముందు ఇంప్లాంట్ అంటే ఏంటో చూద్దాం. దవడ ఎముకలోకి దింపే చిన్న టైటానియం స్క్రూ. దాని మీద పన్ను ఆకారంలో క్యాప్ పెడతారు. స్క్రూ బిగించడం డాక్టర్ పని. దాన్ని పట్టుకోవడం మాత్రం ఎముక పని. ఎముక దాన్ని నేరుగా అంటుకుని పెరగాలి. అట్లా కాకుండా మధ్యలో మెత్తటి పొర పెరిగితే స్క్రూ కదులుతుంది.

ఈ ప్రయత్నం చాలా పాతది. 1931లో హోండురస్‌లో మాయా నాగరికత కాలం నాటి ఒక దవడ దొరికింది. సుమారు క్రీ.శ. 600 నాటిది. పళ్లు లేని చోట పన్ను ఆకారంలో చెక్కిన మూడు గవ్వ ముక్కలు ఉన్నాయి. చనిపోయాక అలంకారంగా పెట్టి ఉంటారనుకున్నారు. 1970లో ఎక్స్‌రే తీస్తే వాటి చుట్టూ ఎముక పెరిగినట్టు కనిపించింది. అంటే అవి బతికున్న మనిషి నోట్లోనే ఉన్నాయి!

అసలు మలుపు మాత్రం 1950ల్లో, స్వీడన్‌లో వచ్చింది. పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే డాక్టర్ పళ్ల గురించి ఆలోచించనే లేదు. ఎముకలో రక్తం ఎట్లా పారుతుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం పెట్టాడు. ప్రయోగం అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక పట్టేసుకుంది. మనమైతే బగ్ అంటాం. ఆయన దాన్నే ఫీచర్ చేశాడు. 1965లో గోస్టా లార్సన్ అనే పేషెంట్ కింది దవడలో టైటానియం స్క్రూలు పెట్టాడు. లార్సన్ 2006లో చనిపోయే దాకా, 40 ఏళ్లకు పైగా అవి పనిచేశాయి. అయినా దంత వైద్య ప్రపంచం గట్టిగా నమ్మింది 1982లో, టొరంటో సదస్సు తర్వాతే.

టైటానియమే ఎందుకు? గాలి తగలగానే దాని మీద టైటానియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కొన్ని నానోమీటర్ల మందమే, కానీ గట్టిది. ఎముక నిజంగా తాకేది ఆ పొరనే. అంటే మొదటి కోటింగ్ ఎవరూ వేయలేదు, లోహమే వేసుకుంది.

ఈ లోహం మన హైదరాబాద్‌కి కొత్తేం కాదు. కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిధానీ రాకెట్లకు, విమానాలకు టైటానియం మిశ్రమాలు చేస్తుంది, ఇంప్లాంట్లకు కూడా. ముడి ఖనిజం నుంచి టైటానియం తీసే టెక్నాలజీని డీఎంఆర్‌ఎల్ అభివృద్ధి చేసింది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అయితే లోహాల పైపొరల మీద కూడా పనిచేస్తుంది.

మళ్లీ కథలోకి వద్దాం. బ్రోనెమార్క్ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది: ఆగాలి. కింది దవడకి 3 నెలలు, పై దవడకి 6 నెలలు. ఈ టైమ్ తగ్గించాలని 1980ల్లో ఒక ఐడియా వచ్చింది. ఎముకలో ఉండే ఖనిజం హైడ్రాక్సీఅపటైట్, కాల్షియం ఫాస్ఫేట్‌లో ఒక రకం. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు దెబ్బతీసేది కూడా దీన్నే, ఫ్లోరైడ్ ఈ ఖనిజంలోకి దూరిపోతుంది. "స్క్రూ మీద ఎముక ఖనిజమే పూస్తే, ఎముక దాన్ని సొంతమనుకుంటుంది కదా?" అనుకున్నారు. 10,000 డిగ్రీలు దాటే ప్లాస్మా మంటలో ఆ పొడిని కరిగించి స్క్రూ మీద చిమ్మారు. పొర మందం ఇంచుమించు ఒక వెంట్రుక అంత.

ఎముక నిజంగానే తొందరగా వచ్చి పట్టుకుంది. కానీ సమస్య పోలేదు, చోటు మారింది. ఇంతకుముందు భయం ఎముకకీ లోహానికీ మధ్య. ఇప్పుడు పూతకీ లోహానికీ మధ్య. అంత వేడికి ఖనిజంలో కొంత భాగం రూపం మారి, ఒంట్లో కరిగిపోయే రకంగా తయారైంది. కొన్ని చోట్ల పూత పెచ్చులూడింది. తడి గోడకి కొట్టిన సున్నం ఊడినట్టే.

ఇంకో దారి కూడా ఉంది, అది మన ఊళ్లో మేస్త్రీలకు ఎప్పుడో తెలుసు. కరీంనగర్ గ్రానైట్ పలక చూడండి. పైన అద్దంలా పాలిష్, వెనక గరుకు. ఎందుకు? సిమెంట్ పట్టుకోవాలి కాబట్టి. నున్నటి పిల్లర్‌కి ప్లాస్టర్ చేసే ముందు గాట్లు కొడతారు. అతికించడానికి కొత్తది పూయడం ఒక పద్ధతి, ఉన్నదాన్నే గరుకు చేయడం ఇంకో పద్ధతి.

1991లో స్విట్జర్లాండ్‌కి చెందిన డానియల్ బూజర్ బృందం రకరకాల ఉపరితలాలను చిన్న జాతి పందుల్లో పోల్చి చూసింది. నున్నటి టైటానియంని ఎముక తాకిన భాగం 20-25 శాతం. గరుకు రేణువులతో కొట్టి, యాసిడ్‌తో చెక్కినదానికి 50-60 శాతం. హైడ్రాక్సీఅపటైట్ పూతకి 60-70 శాతం. నంబర్ చూస్తే పూతదే గెలుపు. కానీ ఆ పూత కరుగుతున్న గుర్తులు కూడా కనిపించాయి. గరుకు స్క్రూ మీద ఊడటానికి వేరే పొరే లేదు. 1998లో ఈ గరుకు రకం మార్కెట్‌లోకి వచ్చింది, ఆగే కాలం దాదాపు 6 వారాలకు తగ్గింది. 2000లో కరెంట్ సాయంతో ఆక్సైడ్ పొరనే మందంగా, రంధ్రాలతో పెంచే రకం వచ్చింది.

మరి పూత ఓడిపోయిందా? లేదు. 1985లో లండన్‌లో ఫర్లాంగ్ అనే సర్జన్ అదే పూతతో తుంటి కీలు పెట్టాడు, ఆ దారి ఇప్పటికీ నడుస్తోంది. ఒక చోట సరిపోయిన పరిష్కారం ఇంకో చోట సరిపోవాలని లేదు, అంతే.

ఇప్పుడు బాపు ప్రశ్నకి జవాబు. "పెయింట్ కాదు బాపు. కొన్నిటికి నిజంగా పూత ఉంటది, చానావాటికి గ్రానైట్ పలక వెనక లెక్క గరుకు చేస్తరు." రెండేళ్లు లేటుగా చెప్పా. బాపు ఒకటే మాట అన్నడు: "గీ ముక్క ఆ రోజు చెప్తే అయిపోవు గదా."

మీ ఇంట్లో ఎవరైనా ఇంప్లాంట్ పెట్టించుకుంటుంటే, "కోటింగ్ ఉందా?" అని అడిగి ఆగిపోకండి. ఉపరితలం ఏ రకం? మనుషుల్లో ఎన్నేళ్ల రికార్డు ఉంది? నా ఎముక, నా షుగర్ దీనికి సరిపోతాయా? ఈ మూడూ అడగండి. పొగ తాగడం, అదుపులో లేని షుగర్ ఎంత మంచి ఇంప్లాంట్‌నైనా వదులు చేయగలవు. బాపుకి బీడీ అలవాటు. ఆ రోజు ఫోన్‌లో నేను రేటు గురించి మాట్లాడాను గానీ, బీడీ మాటే ఎత్తలేదు.

ఇప్పుడు రోజుకి రెండుకి దింపిండు. సున్నా అయ్యాక మళ్లీ కరీంనగర్ పోదామన్నడు. ఈసారి ఫోన్‌లో కాదు, నేనే పక్కన కూర్చుంటా.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.