ఒకే మాట రెండుసార్లు: ఆస్ట్రేలియా ఊళ్ల పేర్ల వెనక కథ

మ్యాప్‌లో మా ఊరి పేరు కొత్తగా చూసినవాళ్లు అచ్చుతప్పు అనుకుంటారు. వాగ్గా వాగ్గా. సిడ్నీకి నైరుతిగా సుమారు 450 కిలోమీటర్ల దూరంలో, మర్రంబిడ్జీ నది ఒడ్డున ఉంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లన్నిటిలోకీ ఇదే పెద్దది. క్రికెట్ అభిమానులకు ఇంకో గుర్తు: ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ మార్క్ టేలర్ పెరిగింది ఇక్కడే.

ఇలాంటి పేరు ఇదొక్కటే కాదు. ఊరి పొలిమేరలోనే గమ్లీ గమ్లీ ఉంది. ఆగ్నేయంగా వెళ్తే బుక్ బుక్, నరాండెరా వైపు వెళ్తే గ్రాంగ్ గ్రాంగ్. సముద్రతీరంలో వాయ్ వాయ్, టిల్బా టిల్బా. బొగ్గు గనుల హంటర్ ప్రాంతంలో కర్రీ కర్రీ. పక్క రాష్ట్రం విక్టోరియాలో మిట్టా మిట్టా అని ఏకంగా ఒక నదే ఉంది.

ఇందులో మన తెలుగువాళ్లు వింతపడాల్సింది లేదు. ఊరూరా, ఇంటింటా, రకరకాలు అంటూ ఎక్కువని చెప్పడానికి మనమూ మాటను రెట్టిస్తాం. ఇక్కడి ఆదివాసీ భాషల్లో చాలావాటిదీ ఇదే పద్ధతి. 1788లో ఇంగ్లీషువాళ్ల ఓడలు సిడ్నీలో దిగేనాటికి ఈ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. మా ప్రాంతానిది విరాడ్జురి భాష. ఆ భాష మాట్లాడినవాళ్లను నేల మీంచి తరిమినవాళ్లే ఆ భాషలోని పేర్లను పటం మీద ఎందుకు ఉంచారన్నది ఇక్కడ స్థిరపడిన నన్ను చాలాకాలం వెంటాడిన ప్రశ్న.

జవాబులో పెద్ద భాగం థామస్ మిచెల్ దగ్గర దొరుకుతుంది. 1828లో ఆయన ఈ వలస రాజ్యానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొండలకూ వాగులకూ ఆదివాసులు పిలుచుకునే పేర్లనే రాసుకోమని తన కింది సర్వేయర్లకు చెప్పాడు. ఇది అభిమానం కొద్దీ చేసిన పని కాదు, అవసరం కోసం చేసినది. అడవిలో దారి తప్పిన సర్వేయరు స్థానికుణ్ణి అడగాలంటే, స్థానికుడికి తెలిసిన పేరే పటంలో ఉండాలి కదా! అదే మిచెల్ 1836లో ముర్రే నది పొడుగునా ప్రయాణిస్తున్నప్పుడు, ఆయన దండు ఆదివాసుల మీద తుపాకులు పేల్చి కనీసం ఏడుగురిని చంపింది. ఆ చోటికి మాత్రం ఆయన ఆదివాసీ పేరు వెతకలేదు. ‘మౌంట్ డిస్పర్షన్’ అని పెట్టాడు. చెదరగొట్టిన కొండ అన్నమాట. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆ స్థలాన్ని ఆదివాసీ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

మా వైపు కూడా ఇంగ్లీషులో పెట్టిన పేర్లే నిజం చెబుతాయి. నరాండెరా దగ్గర ‘పాయిజన్డ్ వాటర్‌హోల్స్ క్రీక్’ అని ఒక వాగుంది, విషం కలిపిన మడుగుల వాగు. మర్రంబిడ్జీ నదిలో ‘మర్డరింగ్ ఐలాండ్’ అని ఒక లంక ఉంది. అక్కడ ఏం జరిగిందో విరాడ్జురి కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాయి.

రెట్టించిన పేరు మనిషికీ తగిలించారు. ఆ రోజుల్లో తెల్లవాళ్లు ఆదివాసీ మగవాళ్లలో చాలామందిని ‘జాకీ జాకీ’ అనేవారు. అసలు పేరు తెలుసుకునే శ్రద్ధ లేక వాడిన మాట అది; పోనుపోను తిట్టుగా మారింది. ఆ పేరున్న ఒకతని గురించి మీకు చెప్పాలి. మా నదికే ఎగువన గండగాయ్ అనే ఊరుంది. నది పొంగుతుందని, పల్లంలో ఇళ్లు కట్టవద్దని విరాడ్జురివాళ్లు హెచ్చరించినా వలసదారులు వినలేదంటారు. 1852 జూన్ చివర్లో ఒక రాత్రి వరద వచ్చింది. సుమారు 250 మంది ఉన్న ఊళ్లో 80 మంది దాకా కొట్టుకుపోయారు. మిగిలినవాళ్లు ఇళ్ల కప్పులమీదా చెట్లకొమ్మలమీదా వేలాడుతుంటే, యార్రి అనే విరాడ్జురి మనిషి బెరడు పడవ వేసుకుని ఆ ప్రవాహంలోకి దిగాడు. ఒక్కో విడతకు ఒకరిద్దరికే అందులో చోటు. చీకట్లో అలా వెళ్తూ వస్తూనే ఉన్నాడు. జాకీ జాకీ ఇంకో పడవలో వెళ్లాడు. ఇద్దరూ కలిసి దాదాపు 70 మందిని ఒడ్డుకు చేర్చారు.

ఆ పడవ ఎలాంటిదో ఇప్పటికీ మా నదిగట్టున చూసి తెలుసుకోవచ్చు. పాత రెడ్ గమ్ చెట్ల మొదళ్లమీద నిలువెత్తు మచ్చలు కనిపిస్తాయి, కోలగా, అంచుల్లో బెరడు ఉబ్బి లోపలికి ముడుచుకుని. రాతి గొడ్డలితో చుట్టూ గాటు పెట్టి, బెరడు చిట్లకుండా ఒకే పలకగా ఊడదీసి, నిప్పుల సెగ మీద కొసలు వంచేవారు. చెట్టు చావదు. దాన్ని కొట్టకుండానే పడవ వచ్చేది. యార్రి, జాకీ జాకీల కంచు విగ్రహాలను 2017లో గండగాయ్ ప్రధాన వీధిలో నిలిపారు; ఆ మరుసటి ఏడు దేశం సాహస పురస్కారాలిచ్చింది. అప్పటికి ఆ వరద వచ్చి 160 ఏళ్లు దాటింది.

పటం మీద పేర్లు నిలబడ్డా, భాషను మాట్లాడనివ్వలేదు. 1909 నాటి చట్టం ఆదివాసుల బతుకును ఒక ప్రభుత్వ బోర్డు చేతిలో పెట్టింది. పిల్లలను తల్లుల ఒళ్లోంచి లాక్కుని వసతి గృహాల్లో పెట్టారు. ఆడపిల్లల కోసం అలాంటిదొకటి మాకు దగ్గర్లోనే, కూటమండ్రాలో దశాబ్దాల పాటు నడిచింది. విరాడ్జురి పెద్ద స్టాన్ గ్రాంట్ సీనియర్ తన తాత విల్‌ఫ్రెడ్ జాన్సన్ గురించి చెప్పేవారు. గ్రిఫిత్ ఊళ్లో నలుగురిలో తన భాష మాట్లాడినందుకు ఆ ముసలాయన్ని ఒక రాత్రి లాకప్‌లో వేశారట. ఆ తర్వాత ఆయన ఊళ్లో ఆ భాష ఎత్తలేదు. మనవడికి చెప్పాల్సింది అడవిలోకి తీసుకెళ్లి చెప్పేవాడు.

ఆ మనవడే పెద్దయ్యాక జాన్ రడర్ అనే భాషావేత్తతో కలిసి విరాడ్జురి నిఘంటువు తయారుచేశాడు. 2005లో అచ్చయింది. మా ఊరి పేరుకు ‘కాకులు ఎక్కువగా ఉండే చోటు’ అని అందరూ చెప్పే అర్థం తప్పని కూడా ఆయనే వాదించాడు. కాకి ‘వాగన్’, ‘వాగ’ అంటే నాట్యం. కాబట్టి వాగ్గా వాగ్గా అంటే ఆటపాటలూ పండుగలూ జరిగే చోటు అని. 2019లో నగర కౌన్సిల్ ఆ అర్థాన్ని అధికారికంగా ఒప్పుకుంది. కాకి పేరుతో ఏళ్ల తరబడి గర్వపడిన ఊళ్లో కొందరికి ఇది రుచించలేదు. నాకు మాత్రం ఇది ఎప్పుడో జరగాల్సిందనిపించింది. పేరు పెట్టినవాళ్లు పక్కనే ఉండగా, అర్థం చెప్పే హక్కు ఇంకెవరికుంటుంది?

ఇప్పుడు మా ఊళ్లోని చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయంలో విరాడ్జురి భాషా సంస్కృతుల కోర్సు ఉంది. అక్కడ చదివినవాళ్లలో కొందరు తిరిగి తమ ఊళ్లలో పిల్లలకు నేర్పుతున్నారు.