నిద్రలో ఆగెడి ఊపిరి
అచ్చంపేట పల్లెలలోనైనను, మరెక్కడనైనను, కట్టెల పొయ్యి పొగను ఏండ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి రావచ్చును. అట్టివారిలో కొందరికి నిద్రలో గొంతు కండరములు సడలి, గాలిదారి మూసికొని, ఊపిరి మాటిమాటికి ఆగుచుండును.

రక్తమున ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారికి రోజుకు కనీసము 15 గంటలు దానినిచ్చిన ఆయువు పెరుగునని 1981లో బ్రిటిష్ పరిశోధన తేల్చినది. కాని మూసికొనిన దారిని ప్రాణవాయువు తెరువజాలదు. పైగా కొందరి రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరుగును. ఆ ఏడే సిడ్నీలో కాలిన్ సలివన్, ముక్కుతొడుగు ద్వారా ఎడతెగని గాలి ఒత్తిడితో గొంతును తెరచియుంచు ఉపాయమును ప్రకటించెను. ఈ రెండు వ్యాధుల కలయికకు 1985లో ఎడింబరో వైద్యుడు డేవిడ్ ఫ్లెన్లీ పేరు పెట్టెను.

2010లో వెలువడిన స్పెయిన్ పరిశీలనలో, గాలి ఒత్తిడి చికిత్స పొందిన జంటవ్యాధి రోగులలో మరణములు తక్కువగా కనబడినవి. కావున పగటి ఆయాసముతోపాటు రాత్రి గురకను గూర్చియు వైద్యునికి చెప్పవలెను.