ప్రకటిత ధర: 1960 నాటి బాగ్దాద్ సమావేశం

ఒపెక్ అనగానే చాలామందికి 1973 నాటి చమురు కొరత జ్ఞాపకం వస్తుంది. వాస్తవానికి ఆ సంస్థ, చమురు అవసరానికి మించి లభిస్తూ ధర పడిపోతున్న రోజులలో పుట్టినది.

నాడు గల్ఫు చమురుకు 'ప్రకటిత ధర'ను కంపెనీలే నిర్ణయించేవి. 1950 డిసెంబరులో సౌదీ అరేబియాకు, అరామ్‌కోకు కుదిరిన ఒడంబడిక వంటివాటి ప్రకారం లాభంలో సగం ప్రభుత్వానిది. ఆ లాభాన్ని ఆచరణలో లెక్కకట్టినది ఈ ధర మీదనే. కనుక అది తగ్గితే ఖజానా రాబడి కూడా తగ్గేది. 1959 ఫిబ్రవరిలో ఒకసారి తగ్గించారు. 1960 ఆగస్టులో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ మళ్ళీ తగ్గించగా తక్కినవి అనుసరించాయి. కోత బారెలుకు కొన్ని సెంట్లే. అయితే చమురు రాబడి మీదనే బడ్జెట్టు నడుపుకొనే ప్రభుత్వాలను ఎవరూ మాటమాత్రమైనా అడగలేదు. వాటి ఆగ్రహానికి అసలు కారణం అదే.

టెక్సాస్‌లో భూగర్భశాస్త్రం చదివిన సౌదీ చమురు అధికారి అబ్దుల్లా తరీకీ, వెనెజులా మంత్రి పెరెజ్ అల్ఫోన్సో 1959 నుండే మంతనాలు జరుపుతున్నారు. 1960 సెప్టెంబరు 10-14 తేదీలలో ఇరాక్, ఇరాన్, కువైట్, సౌదీ అరేబియా, వెనెజులా ప్రతినిధులు బాగ్దాద్‌లో సమావేశమై ఒపెక్‌ను స్థాపించారు. పాత ధరలు పునరుద్ధరించాలని, ఇకమీదట తమను సంప్రదించాలని కోరారు. పాత ధరలు తిరిగి రాలేదు. కాని కంపెనీలు ప్రకటిత ధరను మరల తగ్గించడానికి సాహసించలేదు.

1973 అక్టోబరు 16న గల్ఫు దేశాలు, ఈసారి కంపెనీలను అడగకుండానే, ఆ ధరను సుమారు 3 డాలర్ల నుండి 5 డాలర్లకు పైగా పెంచాయి. తరీకీ 1962లోనే పదవి కోల్పోయారు.