కోబాల్టు, కాలేయం, పుంగనూరు పాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, రాజుల సంగతి పెద్దలెవరైనా రాస్తారు, నేను ఒక విటమిను చరిత్ర రాస్తానన్నాను. పశుసంవర్ధక శాఖలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడుచోట్లా పనిచేశాను (అప్పట్లో మూడూ చిత్తూరు జిల్లావే). అందుచేత బి12 అనగానే నాకు ముందు పశువే గుర్తుకొస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలోనే వైద్యులు ఒక వింత రక్తహీనతను గుర్తించారు. మనిషి పాలిపోతాడు, నాలుక నునుపు తేలి మండుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చివరకు ప్రాణం పోతుంది. 1926లో బోస్టనులో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు ఇలాంటి రోగులకు రోజూ కాలేయం దండిగా తినిపించి బతికించారు. 1934లో విపుల్‌తో పాటు వారికి నోబెల్ బహుమతి వచ్చింది. కాలేయంలో ఉన్న ఆ పదార్థమేమిటో మాత్రం అప్పటికి తేలలేదు.

ఆ రోజుల్లో అదే బోస్టనులో, హార్వర్డులో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. ఆయన సోదరులిద్దరు రోజుల తేడాతో స్ప్రూ అనే జీర్ణరోగానికి బలయ్యారు. మనవాళ్లు సంగ్రహణి అనే జబ్బు దీనికి దగ్గరిది. తిన్నది ఒంటపట్టక రక్తం విరిగిపోతుంది. ఆయనకూ అది సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో కోలుకున్నారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తం చకచకా మెరుగుపడింది. కాలేయంలో వెతికిన పదార్థం దొరికిందనే అనుకున్నారు. కాని ఆ పాత రక్తహీనత గలవారికి ఇస్తే రక్తం బాగుపడింది గాని నరాల జబ్బు ఆగలేదు, ముదిరింది. 1948లో అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థలు ఎర్రని బి12ను వేరుచేశాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు.

ఆ ఎరుపు కోబాల్టుది, కోబాలమిన్ అన్న పేరూ దానివల్లే వచ్చింది. ఆస్ట్రేలియాలో గొర్రెలు చిక్కి చచ్చిపోతుంటే నేలలో కోబాల్టు లేకపోవడమే కారణమని 1935లోనే తేల్చారు. పశువు కడుపులోని సూక్ష్మజీవులు మేతలోని కోబాల్టుతో బి12 తయారు చేస్తాయి. అది పాలలోకీ మాంసంలోకీ వస్తుంది. మొక్కకు ఆ విద్య లేదు. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ఎన్ని లారీలు దిగినా, మన సంగటి ముద్ద ఎంత బలమైనదైనా, వాటిలో బి12 ఉండదు. మూడడుగుల పుంగనూరు ఆవుకు మాత్రం పుట్టుకతోనే ఆ సరంజామా ఉంది. దాని పాలలో వెన్న గురించి అందరూ గొప్పగా చెబుతారు, ఈ సంగతి ఎవరూ ఎత్తరు!

కుప్పం వాళ్లు పెద్ద జబ్బులకు వేలూరు పోవడం పాత అలవాటే. 1960ల మొదట్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో స్ప్రూ ఊళ్లకు ఊళ్లనే పట్టినప్పుడు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు బేకర్, మాథన్ ఊరూరా తిరిగి పరిశోధించారు.

పెద్దవారికి రోజుకు రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన కావాలి. అరలీటరు ఆవుపాలలో ఇంచుమించు అంత ఉంటుంది. కాఫీలో కలిపే నాలుగు చెంచాల పాలు లెక్కలోకి రావు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిలవ ఉంటుంది కనుక లోటు ఆలస్యంగా బయటపడుతుంది. వయసుతో కడుపులో ఆమ్లం తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర కూడా బి12 ఒంటపట్టనివ్వదు.

కుప్పంలో నాతో పనిచేసిన మిత్రుడొకరు శాకాహారి, పైగా షుగరు. రక్తం తక్కువని ఏడాదిపాటు ఫోలిక్ మాత్రలే మింగారు. రక్తం బాగుందన్నారు. ఈలోగా చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియని స్థితి వచ్చింది. బి12 పరీక్ష చేయించి, ఎర్ర ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మళ్లీ నడుస్తున్నారు. కుడికాలి వేళ్లకు మాత్రం స్పర్శ ఇంకా రాలేదు.