పోకిరి (2006 తెలుగు సినిమా)

పోకిరి 2006 ఏప్రిల్ 28న విడుదలైన తెలుగు నేర కథా చిత్రం. నేరస్థుల ముఠాలో మారుపేరుతో చేరిన పోలీసు అధికారి కథ ఇది. రచన, దర్శకత్వం పూరి జగన్నాథ్. నిర్మాతలు మంజుల ఘట్టమనేని, పూరి జగన్నాథ్. మహేష్ బాబు, ఇలియానా నాయికానాయకులు. ప్రకాశ్ రాజ్, నాజర్, సాయాజీ షిండే, ఆశిష్ విద్యార్థి ముఖ్య పాత్రలు ధరించారు. సంగీతం మణిశర్మ, ఛాయాగ్రహణం శ్యామ్ కె. నాయుడు, కూర్పు మార్తాండ్ కె. వెంకటేష్. అప్పటిదాకా వచ్చిన తెలుగు సినిమాలన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. 2009లో మగధీర వచ్చేవరకు ఆ స్థానం దానిదే.

కథ

హైదరాబాద్‌లో భూముల కోసం, వసూళ్ళ కోసం రెండు ముఠాలు కొట్టుకుంటుంటాయి. ఒకటి నారాయణది, రెండోది దుబాయ్‌లో ఉండి నడిపించే అలీభాయ్‌ది. కొత్తగా వచ్చిన కమిషనర్ సయ్యద్ మహమ్మద్ పాషా ఖాద్రీ ఈ రెండిటినీ అణచాలని పట్టుబడతాడు. డబ్బిస్తే ఎవరినైనా కొట్టే పండు అలీభాయ్ ముఠాకు దగ్గరవుతాడు. ఏరోబిక్స్ నేర్పే శృతి అతణ్ణి ఇష్టపడుతుంది, కాని అతని చేతిలోని తుపాకి చూసి బెదిరిపోతుంది. శృతి ఉండే వాడలోని ఎస్సై పశుపతి ముఠా దగ్గర డబ్బు తింటూ, ఆమె మీద కన్నేసి ఆ ఇంటివాళ్ళను వేధిస్తుంటాడు.

అలీభాయ్ నగరానికి వచ్చి పోలీసులకు చిక్కుతాడు. అతణ్ణి విడిపించుకోవడానికి ముఠా కమిషనర్ కూతుర్ని ఎత్తుకుపోతుంది. తమలోనే ఒక పోలీసు ఉన్నాడన్న సంగతి ఆ పిల్ల నోటి నుంచే ముఠాకు తెలుస్తుంది. వెతకగా, అతను రిటైరైన పోలీసు సూర్యనారాయణ కొడుకు కృష్ణ మనోహర్ అనే ఐపీఎస్ అధికారి అని తేలుతుంది. పండు స్నేహితుల్లో ఒకడైన అజయ్‌నే ఆ అధికారి అనుకొని చంపేస్తారు. పొరపాటు తెలిశాక, అసలువాణ్ణి బయటికి రప్పించడానికి సూర్యనారాయణను కూడా చంపుతారు. తండ్రి శవం దగ్గరికి పండు వస్తాడు. అతనే కృష్ణ మనోహర్ అని పశుపతికీ శృతికీ ప్రేక్షకుడికీ ఒకేసారి తెలుస్తుంది. చివరి పోరు పాడుబడిన బిన్నీ మిల్స్‌లో జరుగుతుంది. ఆ సన్నివేశాలు తీసింది చెన్నైలోని అదే పేరుగల మిల్లులో.

రహస్యాన్ని దాచిన తీరు

ముఠాలో పోలీసు అనే కథ హాలీవుడ్‌కు చాలా పాతది. రావుల్ వాల్ష్ తీసిన వైట్ హీట్ (1949)లో ఎడ్మండ్ ఓబ్రయన్ వేసిన అధికారి ఖైదీగా జైలుకు వెళ్ళి, జేమ్స్ కాగ్నీ పోషించిన కోడీ జారెట్‌కు నమ్మకస్తుడవుతాడు. అతనెవరో మనకు ముందే తెలుసు, జారెట్‌కు తెలియదు. ఎప్పుడు దొరికిపోతాడో అన్న భయమే కథను లాగుతుంది. డాన్నీ బ్రాస్కో (1997)లోనూ అంతే. మాఫియాలో ఏళ్ళపాటు గడిపిన ఎఫ్‌బీఐ ఏజెంట్ జోసెఫ్ పిస్టోన్ అనుభవాలు దానికి ఆధారం. తనను నమ్మిన నేరస్థుణ్ణి పట్టించవలసి రావడం అందులో అసలు బాధ.

పోకిరి ఇందుకు తలకిందులు. ప్రేక్షకుణ్ణి కూడా ముఠావాళ్ళ పక్కనే కూర్చోబెట్టి చివరిదాకా సంగతి దాచింది. రెండోసారి చూస్తే దాచిన పద్ధతిలోని నేర్పు తెలుస్తుంది. పండు చేతిలో చచ్చేవాళ్ళంతా ముఠా మనుషులే. పశుపతి ముందు అతను చూపే నిర్లక్ష్యం మొదటిసారి పొగరులా, రెండోసారి అధికారంలా కనిపిస్తుంది. మహేష్ ఈ రెంటికీ సరిపోయేలా ముఖంలో భావాన్ని బాగా తగ్గించి నటించాడు. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడి పురస్కారం అతనికి రావడం న్యాయమే.

ఈ దాపరికానికి మూల్యం కూడా ఉంది. నేరస్థుల మధ్య బతికే పోలీసు మనసులో ఏం జరుగుతుందో సినిమా చూపలేదు, చూపిస్తే రహస్యం బయటపడుతుంది. ఆ లోటును నాజర్ కొంత పూడ్చాడు. సూర్యనారాయణగా అతను కనిపించేది కాసేపే అయినా కథ బరువంతా అతని మరణం మీదే నిలిచింది. అయితే ముగింపులో కృష్ణ మనోహర్ అలీభాయ్‌నీ, పశుపతినీ కూడా తన చేతులతోనే చంపుతాడు. నిజాయితీగల కమిషనర్‌ను అంత పట్టుదలగా నిలబెట్టిన కథ, ఆఖరికి న్యాయస్థానాన్ని పూర్తిగా మరిచిపోయింది. ఎన్‌కౌంటర్ల మీద దశాబ్దాలుగా వాదోపవాదాలు నడిచిన రాష్ట్రంలో ఇది చిన్న సంగతి కాదు. మారుపేరుతో చొరబడడమూ అంతే. నక్సలైట్ ఉద్యమం నడిచిన నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కోవర్టు, అంటే పోలీసుల రహస్య మనిషి, అన్న ముద్ర పడితే ప్రాణాలు పోయిన రోజులున్నాయి. తెరమీద ఈలలు వేయించిన పని అక్కడి మనుషులకు నెత్తుటి జ్ఞాపకం.

ముందూ వెనకా

పూరి ఈ కథను మొదట ఉత్తమ్ సింగ్ సన్ ఆఫ్ సూర్యనారాయణ అన్న పేరుతో, రవితేజను దృష్టిలో పెట్టుకొని రాసుకున్నాడు. మహేష్ చేతికి వచ్చాక కథానాయకుడి సిక్కు నేపథ్యం పోయింది, పేరూ మారింది. మహేష్ తండ్రి కృష్ణకు తొలి రోజుల్లో మాస్ ఇమేజ్ తెచ్చింది కూడా మారువేషపు కథే, గూఢచారి 116 (1966). సరిగ్గా నలభై ఏళ్ళకు కొడుక్కీ అదే జరిగింది. కృష్ణ నటించిన గౌరి (1974)లోని ఒక పాటను ఇందులో కొత్త వాద్యాలతో మళ్ళీ వాడుకున్నారు.

ప్రభుదేవా దీన్ని తమిళంలో విజయ్‌తో పోక్కిరి (2007)గా, హిందీలో సల్మాన్ ఖాన్‌తో వాంటెడ్ (2009)గా తీశాడు. కన్నడంలో దర్శన్ కథానాయకుడుగా పొర్కి (2010) వచ్చింది. పూరి, మహేష్ మళ్ళీ కలిసి బిజినెస్‌మేన్ (2012) చేశారు. 2022 ఆగస్టులో మహేష్ పుట్టినరోజుకు పోకిరిని మళ్ళీ థియేటర్లలో ప్రదర్శించారు. పాత హిట్లను ఇలా మళ్ళీ విడుదల చేసే ఒరవడి తెలుగులో బలపడింది ఆ ప్రదర్శనల తర్వాతే.