బీజాశ్వానికి దక్కని బహుమతి: దక్కను అశ్వపోషణ చరిత్రలో ప్రోత్సాహకాల స్వరూపం

ప్రవేశిక

నిజామాబాద్ జిల్లా కోటగిరి నుంచి బోధన్, సాలూర మీదుగా మంజీర దాటి పడమటికి సాగితే దారి నాందేడ్ జిల్లాలోకి ప్రవేశిస్తుంది. ఆ జిల్లా లోహా తాలూకాలోని మాళేగావ్‌లో మార్గశిర బహుళంలో జరిగే ఖండోబా జాతర గుర్రాల సంతకు ప్రసిద్ధి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేంతవరకు కోటగిరి, మాళేగావ్ రెండూ ఒకే హైదరాబాద్ పాలన కింద ఉన్న ఊళ్లు. ఇటువంటి సంతల్లో కొనేవాడు గుర్రం పళ్లు చూసి వయసు లెక్కిస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. దాని తండ్రి ఏ గుర్రమో రుజువుచేసే కాగితం చేతికందడం అరుదు. బేరం కుదిరి డబ్బు చేతులు మారిన క్షణంలో, ఆ పిల్లకు జన్మకారణమైన మగ గుర్రం యజమానికి దానితో సంబంధం తెగిపోతుంది. ఆ పిల్ల రేపు ఎన్ని పందేలు గెలిచినా అతనికి దక్కేది ఏమీ లేదు.

ఈ తెగిపోయిన సంబంధాన్ని డబ్బుతో తిరిగి ముడివేసే ప్రయత్నమే అమెరికాలోని బ్యారెల్ పందేల గుర్రాలకు అమలవుతున్న బీజాశ్వ ప్రోత్సాహక పథకాలు. సంతతి కోసం పోషించే మగ గుర్రాన్ని ఈ వ్యాసంలో బీజాశ్వం అని వ్యవహరించడం జరిగింది. ఆ పథకాల తీరును గ్రహించి, ఆ వెలుగులో తెలుగు నేలతో ముడిపడిన అశ్వపోషణ చరిత్రను చూస్తే ఒక ప్రశ్న స్పష్టపడుతుంది. గుర్రం కోసం ఇంత ధనం వెచ్చించిన రాజ్యాలు సొంత గడ్డపై మేలుజాతి గుర్రాన్ని ఎందుకు స్థిరపరచలేకపోయాయి? వాతావరణమే కారణమనే సమాధానం చాలా పాతది. అది సగం సమాధానం మాత్రమే.

పథకం నడిచే తీరు

బ్యారెల్ పందెంలో మూడు పీపాలను త్రికోణాకారంలో నిలుపుతారు. రౌతు గుర్రాన్ని దౌడు తీయిస్తూ ఒక్కొక్క పీపాను చుట్టి తిరిగి బయలుదేరిన చోటికి రావాలి. తక్కువ సమయంలో ముగించినవారిదే గెలుపు. పీపా పడిపోతే 5 సెకన్లు అదనంగా కలుపుతారు. ఇది ప్రధానంగా స్త్రీలు పెంచి పోషించిన క్రీడ. 1948లో టెక్సాస్‌లోని శాన్ ఏంజెలోలో ఏర్పడిన గర్ల్స్ రోడియో అసోసియేషన్ దీనికి సంస్థాగత రూపమిచ్చింది. 1981లో ఆ సంస్థ విమెన్స్ ప్రొఫెషనల్ రోడియో అసోసియేషన్‌గా పేరు మార్చుకున్నది. ఇందులో ఎక్కువగా కనిపించేవి పావుమైలు పరుగుకు పేరుపడిన క్వార్టర్ గుర్రాలు. వాటి వంశావళిని నమోదు చేసే అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ 1940లో ఏర్పడింది. వంశావళి పుస్తకం ముందు పుట్టి, ప్రోత్సాహకం తరువాత వచ్చిందన్న ఈ క్రమం ముఖ్యమైనది.

బీజాశ్వం యజమాని ఏటా కొంత రుసుము చెల్లించి తన గుర్రాన్ని పథకంలో నమోదు చేయిస్తాడు. అలా నమోదైన ఏడాది దాటింపుల వల్ల పుట్టిన పిల్లలకే పథకంలో చేరే అర్హత లభిస్తుంది. చాలా పథకాల్లో ఒక ఏడాది రుసుము ఎగవేస్తే ఆ ఏటి పిల్లలన్నీ అర్హత కోల్పోతాయి. పోగైన సొమ్మును పథకం గుర్తించిన పందేల్లో రాణించిన గుర్రాలకు, మామూలు బహుమతికి అదనంగా, పంచుతారు. గెలిచిన గుర్రం యజమానికి పెద్ద వాటా వెళుతుంది. బీజాశ్వం యజమానికి ఒక వాటా, కొన్ని పథకాల్లో తల్లి గుర్రాన్ని పోషించి పిల్లను పుట్టించినవారికి మరొక వాటా ఉంటాయి.

ఈ ఏర్పాటు అవసరం కాలగణనలో ఉంది. గుర్రం చూడి కాలం సుమారు 11 నెలలు. పిల్ల పెరిగి, శిక్షణ పొంది, ఫ్యూచురిటీ అనే తొలి పందేలకు సిద్ధమయ్యేసరికి దానికి నాలుగైదేళ్లు వస్తాయి. అంటే ఒక మగ గుర్రం బీజం మంచిదో కాదో తేలడానికి దాదాపు ఆరేళ్లు పడుతుంది. అంతకాలం ఆడగుర్రాల యజమానులు కొత్త బీజాశ్వాన్ని నమ్మి ఎందుకు రావాలి? దాని పిల్లలకు ఫలానా పథకాల్లో అదనపు సొమ్ము గెలుచుకొనే అర్హత ఉందన్న హామీ వారిని రప్పిస్తుంది. అందుకే అక్కడి ప్రకటనల్లో దాటింపు రుసుము పక్కనే ఆ గుర్రం ఏయే పథకాల్లో నమోదైందో కూడా రాస్తారు. ఫ్రెంచ్‌మన్స్ గై, డ్యాష్ టా ఫేమ్ వంటి బీజాశ్వాల పేర్లు వాటి సొంత పరుగుకంటె వాటి సంతతి గెలుపుల ద్వారా ఎక్కువగా నిలిచాయి.

ఈ ఆలోచనకు మైదానపు పందేల్లో ప్రసిద్ధమైన పూర్వరూపం ఉన్నది. కెంటకీకి చెందిన అశ్వపోషకుడు జాన్ గెయిన్స్ 1982లో ప్రతిపాదించిన బ్రీడర్స్ కప్ 1984 నవంబరు 10న కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్క్‌లో తొలిసారి జరిగింది. దానికి మూలధనం బీజాశ్వాల, పిల్లల నమోదు రుసుముల నుంచి వచ్చింది. బీజాశ్వానికి ఒక దాటింపు రుసుముతో సమానమైన మొత్తం ఏటా చెల్లించాలన్నది తొలినాటి నియమం. పోషకులే డబ్బు వేసి పోషకులే పంచుకొనే పద్ధతి అది.

చనిపోయిన గుర్రం తోకకు వెల

విజయనగర రాజ్యం దీనికి పూర్తిగా భిన్నమైన చోట ధనం పెట్టింది. 1535–37 ప్రాంతాల్లో రచన చేసిన పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావో నూనిజ్ సాళువ నరసింహుని గురించి చెప్పిన సంగతి ఆశ్చర్యకరం. హొర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులకు అడిగిన వెల ఇచ్చేవాడట. వెయ్యి పర్దావులకు మూడు చొప్పున బతికినవాటినీ చచ్చినవాటినీ కూడా తీసుకొనేవాడట. సముద్రం మీద చనిపోయిన గుర్రం తోక తెచ్చి చూపినా బతికినదాని వెలే దక్కేది. కృష్ణరాయలు ఏటా హొర్ముజ్ గుర్రాలు, దేశవాళీ గుర్రాలు కలిపి 13,000 కొనేవాడని, మేలైనవి తన శాలకు ఉంచుకొని తక్కినవి నాయకులకు ఇచ్చి లాభం పొందేవాడని కూడా అతడే రాశాడు. సంఖ్యను అక్షరాలా నమ్మనక్కరలేదు. దిగుమతి ఏటా సాగే ఏర్పాటన్న విషయంలో మాత్రం సందేహం లేదు.

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి ఘట్టం ఈ విధానానికి సిద్ధాంత రూపం. దూరద్వీపాల నుంచి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, నగరంలో మంచి ఇళ్లు, కొలువు, కానుకలు, గిట్టుబాటు ధర ఇచ్చి తనవారిని చేసుకోవాలని, అవి శత్రువుల పాలు కాకుండా చూడాలని అందులో ఉపదేశం ఉన్నది. యుద్ధనీతిగా చూస్తే ఇది తిరుగులేని మాట. అశ్వపోషణ దృష్టితో చూస్తే, ప్రోత్సాహకం యావత్తు ఓడ మీద వచ్చే వర్తకుని చేతికి చేరింది. చచ్చిన గుర్రానికీ వెల కట్టిన రాజ్యం పుట్టబోయే గుర్రానికి వెల కట్టిన దాఖలా ఈ రెండింటిలోనూ కనిపించదు.

తెలుగు శాస్త్రవాఙ్మయంలో మనుమంచిభట్టు హయలక్షణ గ్రంథాన్ని ఈ నేపథ్యంలో మరొకమారు చదువవలసి ఉంది. శాలిహోత్ర, నకుల సంప్రదాయానికి చెందిన అశ్వశాస్త్రం గుర్రాన్ని వన్నెను బట్టి, సుడులను బట్టి, అవయవ సౌష్ఠవాన్ని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి తరగతులు చేస్తుంది. ఇది కొనేవానికి పనికివచ్చే జ్ఞానం. ఫలానా మగ గుర్రం పిల్లలు ఎట్లా తేలాయన్న తరాల లెక్క ఈ పద్ధతికి ముఖ్యం కాదు. దిగుమతి మీద బతికిన సైనిక వ్యవస్థకు తగిన శాస్త్రమది. మాళేగావ్ వంటి సంతల్లో ఈనాటికీ సుడులు చూడడం ఆ జ్ఞానపు కొనసాగింపే.

వాతావరణ వాదమూ దాని పరిమితీ

పదమూడో శతాబ్ది చివర పాండ్య తీరాన్ని చూసిన మార్కో పోలో ఇక్కడ మేలైన మగ గుర్రాన్ని మేలైన ఆడగుర్రానికి దాటించినా వంకరకాళ్ల నాసి పిల్లే పుడుతుందని రాశాడు. అదే ప్రయాణకథనంలో అతడు మరొక మాట కూడా చెప్పాడు. గుర్రాలు త్వరగా చస్తేనే తమ అమ్మకం సాగుతుందని వర్తకులు అశ్వవైద్యులను ఇటు రానిచ్చేవారు కాదట. మొదటి వాక్యాన్ని చరిత్రకారులు తరచు ఉదాహరిస్తారు. రెండోదానికి కూడా అంతే విలువ ఇవ్వాలి. అందులో కనిపించేది ఎండ, తేమల ప్రభావం కాదు, లాభం ఎవరిదన్న లెక్క.

వాతావరణ వాదానికి దగ్గరి ప్రతివాదం తుమకూరు జిల్లాలోని కుణిగల్. టిప్పు సుల్తాను కాలంలో అశ్వికదళం కోసం నడిచిన ఆ పోషణక్షేత్రం తరువాతి కాలంలో పందెపు గుర్రాలను పుట్టించే క్షేత్రంగా పేరు పొందింది. పచ్చిక, వైద్యం, ఎంపిక, స్థిరమైన పెట్టుబడి ఉన్నచోట దక్షిణాపథంలోనూ గుర్రం నిలిచింది.

ఈస్టిండియా కంపెనీ బిహారులోని పూసాలో పద్దెనిమిదో శతాబ్ది చివర నెలకొల్పిన అశ్వశాలకు 1808లో విలియం మూర్‌క్రాఫ్ట్ అధిపతిగా వచ్చాడు. మేలైన బీజాశ్వాల కోసం మధ్య ఆసియా దాకా వెళ్లి 1825లో అక్కడే మరణించాడు. కంపెనీ బీజాశ్వాలను రైతుల ఆడగుర్రాలకు దాటించి, పుట్టిన పిల్లలను తానే ముందుగా కొనుక్కొనే ఏర్పాటు ఆ శాల చుట్టూ నడిచింది. దాని లోపం తేలికగానే కనబడుతుంది. వెల నిర్ణయించేది కొనేవాడే. అతనికి నచ్చని పిల్ల భారం రైతుది. 1870ల్లో ఆ శాలలు మూతపడ్డాయి. ఈలోగా న్యూ సౌత్ వేల్స్ పేరు మీదుగా వేలర్లని పిలిచిన ఆస్ట్రేలియా గుర్రాలు మద్రాసు రేవులో దిగుతూనే ఉన్నాయి. విజయనగర కాలపు ఓడ దారి మార్చుకొని మళ్లీ వచ్చిందన్నమాట.

హైదరాబాదులో గుర్రప్పందేలు 1868లో మౌలాలీలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో వాటిని మలక్‌పేటకు మార్పించాడు. ఆ రోజుల్లో ఈ దేశపు పందేల్లో అరబ్బీ గుర్రాలది, దిగుమతి గుర్రాలదే పైచేయి. మలుపు 1943లో బొంబాయిలో వచ్చింది. ఈ గడ్డపై పుట్టిన గుర్రాలకే ప్రత్యేకించిన కంట్రీ బ్రెడ్ డర్బీ ఆ ఏట తొలిసారి జరిగింది. అదే తరువాత ఇండియన్ డర్బీ అయింది. పందెపు అర్హతను జన్మస్థానంతో ముడివేయడం వల్ల స్థానిక బీజాశ్వానికి గిరాకీ పుట్టింది. బ్యారెల్ పథకం అర్హతను ఒక్క తండ్రి పేరుతో ముడివేస్తే, ఈ డర్బీ దేశం పేరుతో ముడివేసింది. సూత్రం ఒక్కటే.

ఒంగోలు నేర్పే పాఠం

తెలుగు నేలపై బీజానికి డబ్బు ముట్టిన స్పష్టమైన ఉదాహరణ గుర్రంలో కాక ఎద్దులో దొరుకుతుంది. చనిపోయినవారి పేర అచ్చువేసి వదిలే ఆబోతుకు యజమాని లేడు, ఊరే మేపుతుంది. ఒంగోలు సీమలో మేలైన కోడెను ఎంచి వదలడం వల్ల ఈ ఆచారం జాతి నాణ్యతను నిలిపింది. రుసుము లేని సామూహిక పోషణ అది. మేతబీళ్లు తగ్గి ఈ ఆచారం సడలుతున్న కాలంలో మద్రాసు ప్రభుత్వం ప్రీమియం పథకం తెచ్చింది. ఆమోదం పొందిన ఆబోతును పోషించే రైతుకు ఏటా కొంత సొమ్ము ఇచ్చేవారు. 1940 నాటి మద్రాసు పశుసంపద అభివృద్ధి చట్టం నాసి కోడెలను సంతతికి వాడకుండా నియంత్రించింది. అయితే ప్రీమియం పోషణకు దక్కింది గాని ఫలితానికి దక్కలేదు. ఆబోతు దూడలు ఎంత గొప్పగా తేలినా ఆ రైతుకు అదనంగా వచ్చేది లేదు. నేటి బండలాగుడు పోటీల్లోనూ బహుమతి జత యజమానిదే. ఆ గిత్తల తండ్రిని పోషించినవాని పేరు పలికే సందర్భమే రాదు.

ఈ లోపం ఖరీదు బ్రెజిల్‌లో తెలుస్తుంది. నెల్లూరు పేరు మీదుగానే అక్కడ నెలోర్ అనే పశుజాతి స్థిరపడింది. 1960ల తొలినాళ్లలో ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్లిన కోడెల్లో కరవది గ్రామం పేరుతోనే అక్కడ నమోదైన ఆబోతు ఆ దేశపు నెలోర్ వంశావళుల్లో మూలపురుషుల్లో ఒకటిగా నిలిచింది. అక్కడి పోషకులు ప్రతి సంతతిని పుస్తకంలోకి ఎక్కించి, వీర్యం అమ్మి, తరతరాల విలువను రాబట్టుకున్నారు. ఇక్కడి రైతుకు దక్కింది ఒక్కసారి అమ్మిన వెల. నూనిజ్ చెప్పిన హొర్ముజ్ వర్తకుడు, కరవది రైతు ఇద్దరూ అమ్మినవారే. మొదటివానికి తోకకు కూడా వెల ముట్టింది, రెండోవానికి వంశానికి ముట్టలేదు.

పథకాలకు తమ దోషాలు లేకపోలేదు. క్వార్టర్ గుర్రాల్లో కృత్రిమ గర్భధారణకు అనుమతి ఉండడం వల్ల గిరాకీ ఉన్న ఒక్క బీజాశ్వం సంతతి విపరీతంగా పెరుగుతుంది, దానితోపాటు దాని లోపమూ వ్యాపిస్తుంది. 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే ప్రదర్శన గుర్రం సంతతి ద్వారా కండరాల జన్యువ్యాధి ఒకటి అమెరికా అంతటా పాకింది. 2007 నుంచి ఆ జన్యువు రెండు ప్రతులూ ఉన్న పిల్లలకు నమోదు నిరాకరించవలసి వచ్చింది. నాలుగైదు పథకాల రుసుములు కట్టలేని చిన్న పోషకుడు క్రమంగా వెనుకబడే ప్రమాదం కూడా ఉంది.

మరాఠా దళాల కాలం నుంచి ప్రసిద్ధమైన దక్కను భీమ్‌థడీ గుర్రానికి ఇటీవల జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు జాతికి దక్కింది. జాతర మైదానంలో పిల్లను అమ్మే పోషకుని దగ్గర మాత్రం దాని తండ్రి పేరు ఇంకా నోటిమాటగానే ఉన్నది.